కాలవ కట్టేసిన వేసవి

ఇవాళ ప్రార్థన చెయ్యకుండా పడుకున్నావేం తల్లీ? పొద్దున అమ్మతో అబద్ధం ఆడావనా? అందుకని దేవుడు మొహం తిప్పేసుకున్నాడనుకుంటున్నావా? సరే, ముందు ఈ కథ విను. మధ్యలో నిద్రపోతే మాత్రం ఊరుకోను.

అనగనగా ఒక ఊళ్ళో, పంట కాలవ గట్టున, తబితమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఒక్కతే కూతురు, సలోమి. నీకంటే ఏడాది చిన్నది.

తబితమ్మ మంచిదే గానీ భయస్తురాలు. పాములకీ దొంగలకీ కాదు, పామొస్తే కర్ర పుచ్చుకునేది, దొంగొస్తే కేకలేసేది. ఆవిడ భయమల్లా ఒకటే, దేవుడు తనని వదిలేస్తాడేమోనని. లేస్తే అదే దిగులు, పడుకుంటే అదే దిగులు.

పెళ్ళైన ఏడాదే ఆవిడ బాప్తిస్మం తీసుకుంది. మందిరం అయ్యగారు జకరయ్య గారు నడుంలోతు కాలవలో నిలబెట్టి ముంచి లేపారు. తెల్లచీర నీళ్ళోడుతుంటే గట్టెక్కి, అమ్మయ్య, ఇక నేను ఆయన బిడ్డని అనుకుంది. ఆ నిబ్బరం రెండేళ్ళుంది.

ఆ తర్వాత ఒకరోజు తోడికోడలితో మాటా మాటా పెరిగింది. తబితమ్మ కోపంలో "నీ నోరు పడిపోను" అనేసింది. అనేసి, ఇంటికొచ్చి, ఇక దేవుడు నన్ను వదిలేస్తాడనుకుంది. జకరయ్య గారి దగ్గరికి పోయి మళ్ళీ ముంచమంది. ఆయన, "ఒకసారి చాలమ్మా. పోయి ఆవిణ్ణి క్షమించమని అడుగు" అన్నారు. అడగలేదు. పొరుగూరి సభలకి ఎవరో కొత్త అయ్యగారు వస్తే, సంగతి చెప్పకుండా ఆయన దగ్గర రెండోసారి మునిగొచ్చింది. చూశావా, తోడికోడలితో ఒక్క మాట చెప్పడం కంటే కాలవలో మునగడమే తేలికైంది.

అలా కొన్నేళ్ళు గడిచి, సలోమి కాస్త పెద్దదయ్యాక, ఒక వేసవి వచ్చింది. తబితమ్మ ఇంట్లో పిడికెడు బియ్యం కుండ ఒకటి ఉండేది. అన్నం వండేప్పుడల్లా దేవుడి పేరు చెప్పి ఒక పిడికెడు అందులో వేసి, నెలాఖరుకి మందిరానికి ఇస్తారు. మనింట్లోనూ డబ్బా ఉందిగా, అదే. అందరూ ప్రేమ కొద్దీ వేస్తారు. తబితమ్మ భయం కొద్దీ వేసేది. ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండు పిడికిళ్ళు వేసేది. సలోమితో, "ఆ కుండ జోలికెళ్ళావంటే నువ్వు నా కూతురివే కావు" అనేది. అమ్మలు అలా అంటూనే ఉంటారు. కానీ పిల్లలు వింటారు కదా.

ఒకరోజు పక్కింటి సువార్తమ్మ వచ్చింది. పొలం పనుల్లేవు, ఇద్దరు పిల్లలు. "వదినా, సోలెడు బియ్యం ఉంటే పెట్టు" అంది. కుండ నిండుగా ఉంది. తబితమ్మ ఆ కుండకి అడ్డంగా నిలబడి, "లేవు వదినా" అంది. ఆ మధ్యాహ్నం పక్కింట్లో పొయ్యి వెలగలేదు.

తబితమ్మ తింటున్న కంచం పక్కకి తోసేసింది. దేవుడి బియ్యానికి కాపలా కాసి, దేవుడి బిడ్డల్ని పస్తు పెట్టానే అనుకుంది. మందిరానికి పరిగెత్తి, "అయ్యగారూ, నన్ను మళ్ళీ ముంచండి" అంది.

జకరయ్య గారు గట్టు మీదకి తీసుకెళ్ళి చూపించారు. వేసవిలో కాలవలు కట్టేస్తారు కదా. అడుగున బురద ఎండి పెళ్ళలు కట్టింది. అందులో మేకలు తిరుగుతున్నాయి.

"తొలకరి దాకా నీళ్ళు రావమ్మా" అన్నారు.

"ఈలోపు నేను పోతే?"

"పోతే ఆయన దగ్గరికే పోతావు."

ఆ మాట ఆవిడ చెవికెక్కలేదు. బిందెలతో మోసుకొచ్చి గుంట నింపుతానంది. అయ్యగారు తల అడ్డంగా ఊపారు గానీ నవ్వలేదు. అప్పుడు ఆవిడ మొహం చూస్తే ఎవరికీ నవ్వు రాదు.

ఆ తర్వాత రెండ్రోజులకి, అమ్మ ఇంట్లో లేనప్పుడు, సలోమికి అలమరలో బెల్లం గుర్తొచ్చింది. అందక, కుండ మూత మీద కాలేసి ఎక్కింది. కుండ రెండు చెక్కలైంది. బియ్యం ఇల్లంతా పరుచుకుంది.

తబితమ్మ వచ్చేసరికి పెంకులున్నాయి, బియ్యం ఉంది, పిల్ల లేదు. ఆ బియ్యం తొక్కుకుంటూనే వీధిలోకి పరిగెత్తింది. మందిరంలో చూసింది, లేదు. బడి దగ్గర చూసింది, లేదు. చివరికి కాలవ దగ్గరికి వెళ్తే, ఎండిన కాలవలో, వంతెన కింద, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది.

"ఇక్కడేం చేస్తున్నావే?"

"నీళ్ళ కోసం చూస్తున్నానమ్మా" అంది సలోమి. "కుండ పగలగొట్టాను. ఇక నీ కూతుర్ని కాదుగా. నీళ్ళొస్తే నీలాగా మునిగి, మళ్ళీ నీ కూతుర్నవుతాను. ఎప్పుడొస్తాయమ్మా?"

తబితమ్మ అక్కడే కూలబడి పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. "పిచ్చిదానా, కుండ పగిలితే కూతురు కాకుండా పోతావుటే? నిన్ను కన్నాను. ఎన్ని పగలగొట్టినా నా కూతురివే" అంటూ, అంటూనే ఆగిపోయింది.

ఈ పిల్లని కనడానికి తను రెండు రోజులు నొప్పులు పడింది. తనని బిడ్డగా చేసుకోడానికి ఆయన సిలువ మీద నొప్పి పడ్డాడు. అంత నొప్పి పడ్డవాళ్ళు ఒక కుండ కోసం బిడ్డని వదులుకుంటారా? ఇన్నేళ్ళూ ఈ మాట తెలియక ఏడ్చానే అని, తబితమ్మ అప్పుడు గట్టిగా ఏడ్చింది.

"మరి బెల్లం కోసం కుండెక్కాను కదా?" అంది సలోమి, భయంభయంగా.

"ఆ సంగతి ఇంటికెళ్ళాక చూద్దాం. పరాయి పిల్లవైతే అడిగేదాన్నే కాదు."

ఇద్దరూ ఇంటికెళ్ళి బియ్యం ఎత్తి, చెరిగి, చేటలో పోసుకుని సువార్తమ్మ గుమ్మంలో నిలబడ్డారు. "ఆరోజు ఉండీ లేవన్నాను వదినా" అంది తబితమ్మ. సువార్తమ్మ చేట అందుకుంది. కాసేపటికి ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది. మర్నాడు తబితమ్మ తోడికోడలి గడప కూడా తొక్కింది. ఆవిడ చాన్నాళ్ళు ముభావంగానే ఉందనుకో, తర్వాత మాట కలిపింది.

తొలకరికి కాలవలు వదిలారు. ఎర్రనీళ్ళు గట్లు ఒరుసుకుంటూ వచ్చాయి. జకరయ్య గారు గట్టు మీద నిలబడి చూస్తుంటే, తబితమ్మ మూటతో వస్తోంది. అందులో తెల్లచీర ఉందేమోనని ఆయన అనుమానం.

"ఏమ్మా, మళ్ళీనా?" అన్నారు.

తబితమ్మ మూట విప్పింది. అన్నీ మాసిన బట్టలు.

"ఉతుక్కోడానికి వచ్చానండీ" అంది.

అదీ కథ. ఇంక లేచి చేతులు జోడించు. ఆ అబద్ధం సంగతి ముందు ఆయనకి చెప్పు, పొద్దున్నే అమ్మకి చెబుదువుగాని. వింటాడా అని అడక్కు. ఇందాకట్నుంచీ నీ మాట కోసమే చూస్తున్నాడు.

కథేమో కంచికి,
కాలవేమో చేనికి,
బిడ్డేమో తండ్రి ఒడికి.