కుచ్చిళ్లు పట్టుకున్న ఉత్తరేణి

ఒకప్పుడు ఉత్తరేణి మొక్కకి నోరుండేది. మామూలు నోరా! పొద్దున్న తెరిస్తే పొద్దుగూకేదాకా మూతపడేది కాదు. గింజలకి మాత్రం ఇప్పట్లా ముళ్లుండేవి కావు. నున్నగా, ముట్టుకుంటే జారిపోయేలా ఉండేవి.

ఆ ఉత్తరేణి మబ్బుకొండ కింద, దారి పైకెక్కడం మొదలయ్యే చోట ఉండేది. ఉండడమంటే అదేం ఉండడం! రెండు బండల సందున, చారెడు మట్టిలో ఇరుక్కుని ఉండేది.

ఏటా గింజలు రాలేవి. రాలినవన్నీ తల్లి కాళ్ల దగ్గరే పడేవి. ఆ చారెడు మట్టిలో ఎంతమందని బతుకుతారు? ఒకళ్ల మీద ఒకళ్లు పడి, ఊపిరాడక, ఎండలు ముదిరేసరికి మాడిపోయేవాళ్లు. ఒక్క బిడ్డా దక్కేది కాదు. ఉత్తరేణికి కడుపు తరుక్కుపోయేది.

"గాలి మామా, నా పిల్లల్ని కాస్త కొండమీదికి తీసుకెళ్లవూ? అక్కడ బోలెడంత మట్టి ఉందట" అని బతిమాలింది.

గాలి పెదవి విరిచింది. "జిల్లేడు పిల్లలకైతే దూది ఉంది, ఎత్తుకుపోతాను. నీ పిల్లల్ని ఎక్కడ పట్టుకోను తల్లీ?"

గోరింకనడిగితే, "గుజ్జు లేని గింజ నాకెందుకమ్మా!" అని తుర్రుమంది.

ఇక మిగిలింది మనుషులే. ఇప్పుడంటే శని, ఆదివారాలొస్తే చాలు, కార్లేసుకుని కొండల మీద పడుతున్నారు. అప్పట్లో కోతలయ్యాక, చేతిలో పనిలేనప్పుడు అన్నం మూట కట్టుకుని వెళ్లేవాళ్లు. జలపాతం కింద కేరింతలు కొట్టి, రాత్రికి గుహలో పడుకుని, తెల్లారి కొండ నెత్తిన నిలబడి దూరాన సముద్రాన్ని చూసి దిగొచ్చేవాళ్లు.

వాళ్లతో పిల్లల్ని పంపాలని ఉత్తరేణి ఆశ. ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఒక్కసారిగా పని చెబితే ఏం బావుంటుంది? అందుకని ముందు నవ్వుతూ పలకరించేది.

"ఎక్కడికి?"

అయ్యో రామ! బయల్దేరేవాళ్లని ఎక్కడికని అడుగుతారా ఎవరైనా? అడిగితే వెళ్లిన పని కాదని మనవాళ్ల భయం. ఎందాకా అనాలి, దూరమా అనాలి. మొక్కకేం తెలుసు పాపం!

ఆ మాట చెవిన పడగానే మనుషులు ఠక్కున ఆగేవాళ్లు. మొహాలు మాడ్చుకుని వెనక్కి తిరిగేవాళ్లు. ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చునేవాళ్లు. ఆ కూర్చోవడంలో ఎండెక్కేది. ఎండతోపాటే ప్రయాణమూ అటకెక్కేది.

"నేనేమన్నానని? ప్రేమగానే అడిగానే!" అని ఉత్తరేణి బిక్కమొహం వేసేది. మర్నాడు ఇంకొంచెం గట్టిగా, ఇంకొంచెం ప్రేమగా అడిగేది. మర్నాడూ అంతే సంగతులు.

ఆ కొండ కింది ఊళ్లోనే గవరమ్మ ఉండేది. పుట్టిననాటినుంచీ ఆ కొండని చూస్తోంది గానీ ఎక్కి ఎరగదు. మొగుడు ఎర్రయ్యకి శకునాల చాదస్తం. అన్నం మూట కట్టడం, కొండ మొదటికి రావడం, ఉత్తరేణి "ఎక్కడికి?" అనడం, ఎర్రయ్య గిర్రున వెనక్కి తిరగడం. ఆ మూటలో అన్నం ఇంట్లోనే తిని తిని గవరమ్మకి విసుగొచ్చింది.

ఒకరోజు ఆమె కొంగు నడుముకి దోపుకుని ఒక్కతే వచ్చింది. వస్తూనే ఉత్తరేణి జుట్టు పట్టుకుంది.

"ఏటే, నీ నోటికి అదుపు నేదా? నీ మూలంగా నాను కొండెక్కకుండానే ముసిల్దాన్నయిపోతన్నాను. ఉండు, ఏళ్లతో సహా పీకి పారేస్తాను!"

"పీకెయ్యమ్మా" అంది ఉత్తరేణి ఏడుస్తూ. "నా పిల్లలే బతకనప్పుడు నేనుండి ఏం చెయ్యాలి? కొండమీద కాసింత మట్టిలో వాళ్లని వెయ్యమని అడగాలనుకున్నాను. అంతకుముందు ఒక్క మంచిమాట పలకరిద్దామంటే అందరూ పారిపోతున్నారు."

గవరమ్మ చెయ్యి వదిలేసింది. బండమీద చతికిలబడింది. ఉత్తరేణి కాళ్ల దగ్గర మాడిపోయిన చిన్న చిన్న మొలకలు అప్పుడు చూసింది.

"ఓలమ్మో! ఇదా సంగతి!" అని గవరమ్మ నెత్తి కొట్టుకుంది. "ఎక్కడికని అనకూడదే పిచ్చిదానా. ఎందాకా అనాల. ఏదీ, అను."

"ఎ... ఎం... ఎక్కడికి?" అంది ఉత్తరేణి. ఎన్నిసార్లు అనిపించినా అదే మాట. నాలుక తిరిగితేగా!

గవరమ్మ పకపకా నవ్వింది. "సరేగానీ, అసలు అడగడం ఎందుకే? సంటిపిల్లల్ని సూడు. అమ్మ బయల్దేరితే ఎక్కడికని అడుగుతారా? కుచ్చిళ్లట్టుకుని ఎనకే వొచ్చెస్తారు. నువ్వూ నోరు మూసుకుని నీ పిల్లల చేత కుచ్చిళ్లట్టించు. మా మావకి మాత్రం చెప్పకు."

మర్నాడు తెల్లవారగానే మొగుడూ పెళ్లాం బయల్దేరారు. ఎర్రయ్య కొండ మొదటికి వచ్చేసరికి చెవులు రెండూ మూసుకున్నాడు.

ఉత్తరేణికి గొంతుదాకా వచ్చింది మాట. పళ్లు బిగబట్టింది. ఈ ఒక్క మాట జారిందా, పిల్లలకి ఇక దారి లేదు! ఎంత గట్టిగా బిగబట్టిందంటే, ఆ బిగువు కాండంలోకి పాకింది, కొమ్మల్లోకి పాకింది, చివరికి గింజల్లోకీ పాకింది. నున్నటి గింజలకి సన్నటి ముళ్లు పొడుచుకొచ్చాయి. గవరమ్మ చీర రాసుకుంటూ వెళ్లగానే పిల్లలంతా ఆ కుచ్చిళ్లు గట్టిగా పట్టేసుకున్నారు.

ఎర్రయ్య మెల్లిగా చెవుల మీంచి చేతులు తీశాడు. "ఇయ్యాల ఎవుళ్లూ అడగనేదే! మంచి శకునం. నడు నడు."

ఉత్తరేణికి ఆ రోజు గడవడం కష్టమైంది. పిల్లలు జారిపోయారేమో! రాళ్లమీద పడ్డారేమో! 

మర్నాడు సాయంత్రం గవరమ్మ దిగొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "ముందు నువ్వు పోయి పొయ్యెలిగించు మావా" అని ఎర్రయ్యని పంపేసి ఉత్తరేణి పక్కన కూలబడింది.

"సముద్రం చూసినానే! చూస్తా చూస్తా ఏడుపొచ్చేసింది. అక్కడే కూర్చుని కుచ్చిళ్లలోంచి నీ పిల్లల్ని ఒక్కొక్కళ్లనే తీసినాను. దిగొస్తా జలపాతం పక్కన తడిమట్టిలో ఏసినాను. ఒక్కర్నీ పారెయ్యనేదు, ఒట్టు."

ఉత్తరేణి కళ్లనిండా నీళ్లు. వంద అడగాలని ఉంది. కానీ నోరు తెరిస్తే మళ్లీ ఆ పాత మాటే ఊడిపడుతుందని భయం. ఊరికే తలూపింది.

వానలొచ్చాయి, వెళ్లాయి. మళ్లీ కోతలయ్యాయి. ఒకరోజు కొండ దిగి వచ్చిన ముసలాయన ఒకడు బండమీద కూర్చుని పంచెకి అంటుకున్న గింజని లాగి పక్కన పడేసి వెళ్లిపోయాడు. ముళ్ల గింజ!

"నువ్వేనా మా అమ్మమ్మవి?" అని ఆ గింజ గుసగుసగా అడిగింది. "అమ్మా, పిన్నులూ అందరూ పైన బాగున్నారు. నిన్ను చూసి రమ్మన్నారు."

ఉత్తరేణి ఆకులన్నీ ఒక్కసారి ఊగాయి. గాలి మాత్రం ఆ పూట వీచలేదు.

అప్పటినుంచే ఉత్తరేణి మనుషుల్ని పలకరించడం మానేసింది. దారి పక్కన తల వంచుకుని నిలబడుతుంది. మీరు రాసుకుంటూ వెళ్తే చాలు, పంట్లాం పట్టుకుంటాయి దాని గింజలు, గౌను పట్టుకుంటాయి. కొండ చూసొచ్చి వాటిని విసుక్కుంటూ లాగేటప్పుడు చెత్తబుట్టలో వెయ్యకండి నాయనా, కాస్త మట్టి చూసి వెయ్యండి. ఎక్కడికని అడక్కుండా, మిమ్మల్నే నమ్ముకుని వెంటవచ్చిన పిల్లలు వాళ్లు.