తొలి సాయంత్రం ఎవరిది?

కుందనా, ఇటు తిరుగు. గోడవైపు తిరిగి పడుకుంటే చేసిన తప్పు పోదు. అక్క పుస్తకంలో నక్షత్రాల కాగితం చింపి బియ్యం డబ్బా వెనక దాచావా, లేదా? లోకం దేవుడు చేయకుండానే పుట్టిందని అందులో రాశారు కాబట్టి చింపానంటావా? చింపమని దేవుడు నీతో చెప్పాడా? చెప్పలేదు. నీకు అనుమానం వచ్చింది, అంతే. పొద్దున్నే ఆ కాగితం తీసి అక్క చేతిలో పెట్టాలి. ఇప్పుడు విను.

అనగా అనగా, మూడేళ్ళకొకసారి పటం విప్పే ఊరొకటి ఉండేది. పటమంటే పొడుగాటి గుడ్డ మీద వేసిన బొమ్మల కథ. దాన్ని చాపలా చుట్టి, ఎర్రగుడ్డలో కట్టి, కొమురెల్లి అనే కథకుడు భుజాన వేసుకొని వచ్చేవాడు. అతని అక్క బాలవ్వ తాళాలు వేస్తూ వంత పాడేది. మూడు సాయంత్రాలు కథ. తొలి సాయంత్రం సృష్టి బొమ్మ విప్పుతారు. నల్లటి నీళ్ళు, ఆ నీళ్ళ మీద ఆదిశక్తి, ఆమె ముందు మూడు గుడ్లు. ఆ బొమ్మకు దండం పెట్టాకే మిగతా కథ.

పటం వాళ్ళకు రెండు కట్టుబాట్లు. ఇంకొకరి పటం మూట ముడి విప్పకూడదు. ఇంకొకరి పటం పాడుచేసినవాడు బతికున్నంత కాలం తన పటం విప్పకూడదు.

అలా ఒక ఏడాది కొమురెల్లి ఊళ్ళోకి వస్తుంటే, బడి పంతులమ్మ సుగుణ బస్సు దిగింది. ఆమె భుజాన గుడ్డ చుట్టిన పొడుగాటి మూట ఉంది. కొమురెల్లి కాళ్ళు ఆగిపోయాయి. అతనికి తెలిసినంతలో అలా మోసేది పటమొక్కటే.

"ఏందమ్మా అది?" అని అడిగాడు.

"రేపు మాపటికి అందరితో పాటు నువ్వూ చూద్దువు గాని, అన్నా" అని నవ్వింది ఆమె. ఆ నవ్వు కొమురెల్లికి ముల్లులా గుచ్చుకుంది.

ఆ తర్వాత బోరింగు దగ్గర పిల్లలు పాటలా పాడుతున్నారు. "మొదట నీళ్ళు లేవంట, నేల లేదంట! సూది మొనంత నిప్పు ఉబ్బి ఉబ్బి లోకమైందంట!"

"ఎవరు చెప్పిన్రు మీకు?"

"సుగుణ టీచర్!"

"మరి మూడు గుడ్లేవి?"

"అవి పుస్తకంలో లేవు!" అని పిల్లలు పరుగు తీశారు. ముల్లు ఇంకాస్త లోపలికి దిగింది.

ఆ తర్వాత సర్పంచి రాజవ్వ కబురు పెట్టింది. "రేపు మాపటికి మొదలు టీచరమ్మ చూపిస్తదంట. ఆమెది అయినంక నువ్వు విప్పు కొమురెల్లీ."

మొదలు! ఆ ఒక్క మాటే అతని చెవిలో మిగిలింది. ఆమె సృష్టి ముందు విప్పితే, తన మూడు గుడ్లకు దండం పెట్టేదెవరు? మూడేళ్ళ తర్వాత ఈ ఊరు తనను పిలుస్తుందా?

"పోయి అడుగరాదురా. నోరు లేదా నీకు?" అంది బాలవ్వ.

"దొంగను పోయి నువ్వు దొంగవా అని అడుగుతరా, అక్కా?" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలంతా అన్నాల దగ్గర ఉన్నారు. అప్పుడు కొమురెల్లి బడిలోకి దూరాడు. మూలన మూట ఉంది. చెయ్యి ముడి మీదికి పోయింది. అంతలో కట్టుబాటు గుర్తొచ్చింది. చెయ్యి తీసేశాడు. అనుమానం తీర్చే ముడి వేళ్ళ కిందే ఉంది, కానీ చిన్న కట్టుబాటు నిలబెట్టుకొని పెద్దది తెంచడానికి పోయాడు. మూట ఎత్తుకొని పోయి బడి వెనక దిగుడుబావిలో విసిరేశాడు.

గుడ్డ పటమైతే మెత్తగా పడాలి. అది రాతిమెట్టుకు తగిలి ఖంగున మోగింది. కొమురెల్లి విన్నాడు. విని కూడా వెనక్కి చూడలేదు.

సాయంత్రం ఊరంతా బడి ముందు చేరింది. సుగుణ ఉత్తచేతులతో వచ్చింది. ముందు వరసలోని ఒక పిల్ల లేచి అడిగింది. "టీచర్, గుడ్లు నిజమా, నిప్పు నిజమా?"

"రెండూ ఒకటేనని నేను చెప్పను తల్లీ" అంది సుగుణ. "పుస్తకంలోదాన్ని కొలిచి చూస్తాం, తప్పైతే దిద్దుకుంటాం. పటాన్ని కొలవం, కూర్చొని వింటాం. రెండూ వినండి, ఒకదాంట్లో ఇంకోటి కలపకండి. ఇవాళ మీకు చందమామ మీది గుంటలు చూపిద్దామని పట్నం బడి నుంచి దుర్భిణి అడిగి తెచ్చాను. నెలవంక తొందరగా దిగిపోతుందని మొదలు నాకిమ్మన్నాను. ఆ గొట్టం ఇప్పుడు కనిపించడం లేదు."

"అది పటం కాదా?" అన్నాడు కొమురెల్లి.

రాజవ్వ అతని వైపు తిరిగింది. "ఏది పటం కాదా? దాన్ని నువ్వెక్కడ చూసినవ్?"

కొమురెల్లి చెయ్యెత్తి బడి వెనక బావి వైపు చూపించాడు. ఇద్దరు బావిలోకి దిగారు. సొట్టలు పడిన గొట్టం వచ్చింది. అద్దం ముక్కలై వచ్చింది. పిల్లలు చూస్తుండగానే నెలవంక గుట్ట వెనక్కి దిగిపోయింది. తెచ్చిన వస్తువుకు జవాబు చెప్పుకోవలసింది సుగుణే.

"గొట్టమే కదా అక్కా! కట్టుబాటు పటానికే కదా!" అన్నాడు కొమురెల్లి.

"పడేసేటప్పుడు ఏమనుకొని పడేసినవ్ రా?" అంది బాలవ్వ.

కొమురెల్లి తన పటం మూట దించి అక్క ముందు పెట్టాడు.

అప్పుడు బాలవ్వ సుగుణ వైపు చూసింది. "బిడ్డా, నీ నిప్పు సంగతి నాకు నమ్మకం లేదు. రేపు నా గుడ్లను నవ్వులపాలు చేస్తవేమోనని నాకూ అనుమానమే. కానీ నేను నిన్నే అడుగుత. బావిని అడుగ." అని తాళాలు తమ్ముడి చేతిలో పెట్టి, ఎర్రగుడ్డ ముడి తనే విప్పింది.

ఆ తర్వాత మూడేళ్ళకొకసారి కొమురెల్లి ఆ ఊరికి వస్తూనే ఉన్నాడు. పటం మోశాడు, తాళం వేశాడు, కొస పట్టుకొని నిలబడ్డాడు. తెల్లజుట్టు వచ్చినా, కథంతా నోటికి వచ్చినా, పటం మాత్రం మళ్ళీ విప్పలేదు.

విప్పే చెయ్యి మోసే చెయ్యాయె,
పాడే నోరు మూసే నోరాయె.
కథ మూటకి, కళ్ళు మూతకి.