డిప్పగాడు తినని పువ్వులు

అనగనగా ఒక ఊళ్ళో, వాన మొహం చాటేసిన ఊళ్ళో, పైడమ్మ అని ఓ పిల్ల ఉండేది. మొండిఘటం! ఆ పిల్లకో తాబేలు. పేరు డిప్పగాడు.

పైడమ్మ వాళ్ళమ్మ చేలల్లో కలుపు తీసేది. ఊరంతా పారేసే పిచ్చిమొక్కలే డిప్పగాడికి విందు. గడ్డిచామంతి పువ్వులు, నీలంగా పూసే అమృతకాడ కరకరా నమిలేవాడు. ఏది పెట్టొచ్చో, ఏది పెట్టకూడదో వాళ్ళమ్మ గట్టుమీద కూర్చోబెట్టి నేర్పింది. "తెలియని పువ్వు పెట్టకే" అని ఒట్టు కూడా వేయించుకుంది.

అప్పుడు మునసబుకి ఎవరో చెప్పారట, తాబేలంటే కూర్మావతారం, శివుడికి పూజ చేసిన పువ్వులు దానిచేత తినిపిస్తే వాన పడుతుందని. అవతారం విష్ణుమూర్తిది, పువ్వులు శివుడివి! చూశావా తెలివి? కానీ ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

మొదటి సోమవారం పళ్ళెంలో గన్నేరు పూలు తెచ్చాడు. "ఇది తింటే ఆవే పడిపోతుంది బాబూ, పెట్టను" అంది పైడమ్మ.

ఆ తర్వాతి సోమవారం జిల్లేడు పూలు తెచ్చాడు. పైడమ్మ కాడ విరిచింది. బొటబొటా పాలు కారాయి. "ఈ పాలు వాడి కడుపులోకా? చస్తే పెట్టను!" అంది.

ఇంకేముంది, ఆ పిల్ల మూలంగానే వాన రాలేదని ఊరంతా ఒకటే గోల. వాళ్ళమ్మని కూలికి పిలవడం మానేశారు. ఇంట్లో గంజే గతి అయింది. అయినా ఆ తల్లి, పెట్టేయవే అని ఒక్క మాట అనలేదు.

మూడో సోమవారం మునసబు ఉమ్మెత్త పూలతో ఊరినంతా వెంటేసుకొచ్చాడు. "ఓసే పిల్లా, దేవుడి నెత్తిన పెట్టే పువ్వు నీ తాబేలుకి పనికిరాదా? ఎంత పొగరే!" అని డిప్పగాడి మీద చెయ్యి వేయబోయాడు.

పైడమ్మ గభాలున వాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. మునసబు మొహంలోకి సూటిగా చూసి అంది:

"శివుడు విషం మింగి గొంతులో దాచుకున్నాడు బాబూ. నా డిప్పగాడికి అంత గొంతెక్కడిది? పోనీ, ప్రసాదమే కదా, ముందు మీరొకటి నమలండి. తర్వాత వీడికి పెడతాను."

మునసబు పువ్వు వంక చూశాడు. ఊరు మునసబు వంక చూసింది. ఉమ్మెత్త తింటే పిచ్చెక్కుతుందని ఎవరికి తెలియదు? ఆయన కండువా దులుపుకుని ఇంటిదారి పట్టాడు.

వాన పడిందా అంటావా? ఆ రోజు పడలేదమ్మా. పడాల్సినప్పుడు పడింది. అప్పుడు మునసబు చేలో కలుపు మోకాలెత్తు లేచింది. కలుపు తీతలో పైడమ్మ వాళ్ళమ్మను మించినవాళ్ళు ఊళ్ళో లేరు. ఆయనే గుమ్మంలోకొచ్చి పిలవాల్సొచ్చింది.

పైడమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని అంది: "వస్తాం బాబూ. కానీ తీసిన పిచ్చిమొక్కలన్నీ మా డిప్పగాడివే!"

కథ కంచికి, డిప్పగాడు కంచెకి, మనం మంచానికి!