ఓడిపోయానని చెప్పని అన్న

అనగా అనగా పులికొండ అనే రాజ్యం. దానికి వజ్రబాహువని ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు విజయకేతు, నడిపివాడు వీరకేతు, చిన్నవాడు మణికేతు. ఇక పిల్లలు లేరనుకున్నాక, చాలా ఏళ్ళకు ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు కనకవల్లి. అందరూ వల్లీ అని పిలిచేవాళ్ళు. నడక వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల మణికేతు వెంటే తిరిగేది.

అన్నాచెల్లెళ్ళకు ఒక ఆట ఉండేది. వల్లి దాక్కోవాలి, మణికేతు వెతకాలి. దొరక్కపోతే "నేను ఓడిపోయాను వల్లీ, రా" అనాలి. ఆ మాట వినేదాకా వల్లి బయటికి రాకూడదు. మణికేతుకు రోషం ఎక్కువ. చచ్చినా ఆ మాట అనేవాడు కాదు. ఒకనాడు అన్నాల వేళ దాటిపోయినా పిల్ల గాదె వెనకనుంచి కదల్లేదు. రాణి వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"అన్నయ్య ఓడిపోయానంటేగా నేను రావాలి!" అని మూతి ముడుచుకుంది వల్లి. మణికేతు పడీపడీ నవ్వాడు. అప్పుడేం తెలుసు పాపం!

ఆ రాజ్యం చుట్టూ అడవి, అడవి నిండా పులులు. పులి ఊరివైపు వచ్చిందంటే కావలివాళ్ళు పులిడప్పు కొట్టేవాళ్ళు. అది వినపడితే పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఏ సందులోనో దూరి నోరు మూసుకోవాలి. సొంతమనుషులు పేరు పెట్టి పిలిచేదాకా కిక్కురుమనకూడదు. మాటలు వచ్చీరాకముందే నేర్పే పాఠం అది. వల్లికి నేర్పింది మణికేతే.

ఒకరోజు పొద్దు వాలే వేళకు వల్లి కనపడలేదు.

పిల్లలు తప్పిపోతే ఆ రాజ్యంలో వెతికే పద్ధతి ఒకటే. వెతకబోయేవాళ్ళకూ పులి భయమేగా! అందుకని వందమంది గుంపుగట్టి, ముందు డప్పులు, వెనక డప్పులు, పక్కన డప్పులు, అడవి దద్దరిల్లేట్టు కొట్టుకుంటూ పోయేవాళ్ళు. ఆ మోతలో పేరు పెట్టి పిలిచినా పక్కవాడికి వినపడదు. మూడు రోజులు అలాగే వెతికారు. మణికేతు అందరికన్నా ముందు నడిచాడు, అందరికన్నా గట్టిగా కొట్టాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. వల్లి దొరకలేదు.

"ఇది ధూమకంఠుడి పనే మహారాజా" అన్నారు పెద్దలు. ధూమకంఠుడంటే ఏడు సముద్రాల అవతల ఉండే మాంత్రికుడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉందని చెప్పుకునేవాళ్ళు. పిల్లలు దొరకని ప్రతిసారీ పెద్దలు వాడి పేరే చెప్పేవాళ్ళు. అలా చెబితే ఎవరి తప్పూ లేనట్టుండేది.

విజయకేతు ఏనుగులతో తూర్పుకు వెళ్ళి ఉత్తచేతులతో వచ్చాడు. వీరకేతు గుర్రాలతో పడమరకు వెళ్ళి ఉత్తచేతులతో వచ్చాడు. అప్పుడు మణికేతు ఒంటరిగా బయల్దేరాడు. రాణి నువ్వులుండలు మూటగట్టి అతని భుజానికి తగిలించింది.

"దొరకగానే ముందు ఇవి పెట్టు నాయనా. అది ఆకలికి ఆగలేదు" అంది.

నడిచాడు, నడిచాడు. దారిలో వలలో చిక్కిన గద్ద కనపడితే విడిపించాడు. "ఎక్కడికి బాబూ?" అంది గద్ద. చెప్పాడు.

"ఇంటి చుట్టూ చూశారా?"

"చూశాం. మూడు రోజులు డప్పులు కొట్టుకుంటూ చూశాం."

గద్ద అతని వెంట ఎగిరింది.

ఇంకా నడిచాడు. మడుగులో కొట్టుకుపోతున్న చీమను ఆకుమీద ఎక్కించి ఒడ్డున దించాడు. చీమా అదే అడిగింది, "ఇంటి చుట్టూ చూశారా బాబూ?" అని. మణికేతు అదే చెప్పాడు. చీమ అతని చెవి వెనక ఎక్కి కూర్చుంది.

సముద్రపు ఒడ్డున వెల్లకిలా పడి గిలగిల్లాడుతున్న తాబేలును తిరగేశాడు. తాబేలూ అదే అడిగింది. మణికేతుకు ఒళ్ళు మండింది.

"అందరూ అదే అడుగుతారేం? ఇంటి దగ్గరుంటే దొరకదా? నా గొంతు వింటే పరిగెత్తుకు రాదా?"

"వస్తుంది నాయనా, వింటే" అని తాబేలు అతన్ని వీపుమీద ఎక్కించుకుంది.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. నెలలు గడిచిపోయాయి. మణికేతు ఎన్నోసార్లు ఆకలితో సొమ్మసిల్లాడుగాని నువ్వులుండల మూట మాత్రం విప్పలేదు.

మాంత్రికుడి దీవిలో ఆకాశమంత తాటిచెట్టు, దాని కొసన ఇనప పంజరం, పంజరంలో చిలక. గద్ద ఎగిరి పంజరాన్ని దించింది. చీమ తాళంలో దూరి మీట జరిపింది. మణికేతు చిలక మెడ పట్టుకున్నాడు. పరుగున వచ్చిన ధూమకంఠుడు గొంతు పట్టుకుని కుప్పకూలాడు.

"నా చెల్లెలేదిరా?"

"నీ చెల్లెలెవరయ్యా?" అన్నాడు వాడు ఆయాసపడుతూ. "ఏడు సముద్రాలు ఈదొచ్చి మీ ఊరి పిల్లల్ని ఎత్తుకుపోవాల్సిన ఖర్మ నాకేం పట్టింది? ఒక్క పిల్లను కూడా నేను ముట్టుకోలేదు. నమ్మకపోతే అంజనం వేస్తాను, నీ కళ్ళతో నువ్వే చూసుకో."

తమలపాకు మీద నల్లటి కాటుక రాశాడు. మణికేతు అందులోకి చూశాడు.

కోట పెరటిగోడ అవతల వాగు. వాగు ఒడ్డున ఒరుసుకున్న రెండు బండలు. వాటి సందులో వల్లి కూర్చుని నవ్వుకుంటూ ఉంది, ఆటకు దాక్కున్నట్టుంది. అంతలో డప్పులు మోగాయి. పిల్ల నవ్వు ఆపి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, సందులోకి ఇంకా లోపలికి జరిగింది.

రెండోరోజు డప్పులు మళ్ళీ వచ్చాయి. ఇంకా లోపలికి జరిగింది. కాలు రాళ్ళ మధ్య ఇరుక్కుంది.

మూడోరోజు పిల్ల పాఠం మరిచిపోయి పిలిచింది. "అన్నయ్యా" అని పిలిచింది. బండల పక్కనుంచే మణికేతు నడిచిపోతున్నాడు, డప్పు కొట్టుకుంటూ. అతనికి వినపడలేదు.

మణికేతు చెయ్యి వదులైపోయింది. చిలక ఎగిరిపోయింది. మాంత్రికుడు బతికితేనేం, చస్తేనేం!

మళ్ళీ ఏడు సముద్రాలు. తాబేలు వీపుమీదే దాటాడు. ఊరు చేరాక కోటలోకి పోకుండా తిన్నగా వాగు దగ్గరికి వెళ్ళాడు. బండల సందులో చెయ్యి పెట్టాడు. గజ్జెలు తగిలాయి. పట్టుపావడా తగిలింది. ఆపైన చెప్పడానికి నాకు నోరు రావడం లేదర్రా, మీరే తెలుసుకోండి.

నువ్వులుండల మూట విప్పి అక్కడ పెట్టాడు. "నేను ఓడిపోయాను వల్లీ, రా" అన్నాడు. నూరుసార్లు అన్నాడు. రాణి వచ్చి అతని తల ఒళ్ళో పెట్టుకునేదాకా అంటూనే ఉన్నాడు. మర్నాడు పెద్దలందరినీ కూర్చోబెట్టి అంజనంలో చూసింది చెప్పాడు. ఎవరూ తలెత్తలేదు.

వానలు మొదలయ్యాక ఒకనాడు పులిడప్పు మోగింది, ఆ తరవాత పశువులకాపరి గురవయ్య కొడుకు కనపడలేదు. అలవాటు ప్రకారం జనం డప్పులు తీశారు. మణికేతు పరుగున వచ్చి పుల్లలు లాక్కున్నాడు.

"పులి వస్తే ఎట్టా దొరా?" అన్నాడు గురవయ్య.

"కాగడాలు పట్టుకుందాం, బల్లేలు పట్టుకుందాం. చప్పుడు మాత్రం వద్దు. మీ ఇంటి దగ్గరే మొదలెడదాం. పది అడుగులు వెయ్యాలి, ఆగాలి. వాళ్ళమ్మ ఒక్కతే పిలవాలి. పిలిచాక అందరూ ఊపిరి బిగబట్టి వినాలి. మళ్ళీ పది అడుగులు. ఏ సందూ వదలొద్దు."

"ఏమని పిలవమంటారు దొరా?" అంది తల్లి ఏడుస్తూ.

మణికేతు చేతిలో పుల్లలు కింద పడేశాడు. అప్పుడన్నాడు, "మేం ఓడిపోయాం, బయటికి రా నాయనా, అని పిలువమ్మా."

ఊరు ఊరంతా నిశ్శబ్దంగా కదిలింది. అడుగులు వేశారు, ఆగారు. తల్లి పిలిచింది, అందరూ విన్నారు. మూడోసారి ఆగినప్పుడు గడ్డివామి వెనక, పాత ధాన్యపు పాతరలోంచి సన్నగా, "అమ్మా, పులి పోయిందా?" అని వినపడింది.

పిల్లాణ్ణి పైకి లాగారు. జనం కేరింతలు కొట్టారు. మణికేతు ఒక్కడే గడ్డివామికి మొహం ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. ఇంత తేలికా! ఇంత దగ్గరా! అని ఏడ్చాడు.

తరవాత మణికేతే రాజయ్యాడు. పొరుగురాజు కూతురు హేమలేఖను పెళ్ళి చేసుకున్నాడు. ఆ పెళ్ళిలో సన్నాయి మోగింది గాని డప్పు మోగలేదు. చాలాకాలం ఏలాడు. ఆయన ఏలుబడిలో తప్పిపోయిన ప్రతి బిడ్డకోసం జనం అలాగే వెతికారు. దాదాపు అందరూ దొరికారు.

రాజుకు మాత్రం ఒక అలవాటు మిగిలిపోయింది. రోజూ పొద్దు వాలే వేళకు వాగు ఒడ్డుకు వెళ్ళి, ఆ మాట అని, ఊపిరి బిగబట్టి వినేవాడు. పిలిచాక ఎంతసేపు వినాలో రాజ్యానికంతటికీ నేర్పింది ఆయనే. ఆ బండల దగ్గర మాత్రం అంతకన్నా చాలాసేపు నిలబడేవాడు.

కథ ఎటు పోతే అటు పోనివ్వండర్రా. మీరు మాత్రం, అమ్మ పిలిస్తే పలకండి.