నలభై రోజుల సబ్బు

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున చౌడు నేల. దాని పక్కనే ఇప్పమ్మ అనే ఎలుగుబంటి గుహ. ఇప్పమ్మ పని సబ్బులు చేయడం. చౌడు మట్టిని, సున్నాన్ని నీళ్ళలో కలిపి, పైకి తేరిన ఘాటు నీళ్ళను వంచుకునేది. వాటిని ఆముదంలో, ఇప్పనూనెలో పోసి గిలక్కొట్టేది. అది గడ్డకట్టగానే ముక్కలు కోసి ఇచ్చేసేది.

ఒకరోజు దూదమ్మ అనే కుందేలు వచ్చింది.

"వదినా, మా చంటాడికి ఒళ్ళంతా గజ్జి. మంచి సబ్బు ఒకటివ్వు" అంది.

ఇప్పమ్మ ఇచ్చింది. అది రెండు స్నానాలకే కరిగి జారిపోయింది. చెట్టు మీది కోతి పకపకా నవ్వింది.

"అత్తా, అది సబ్బా, జున్నా? పిల్లాడు తినేస్తాడు జాగ్రత్త!"

ఇప్పమ్మకు రోషం వచ్చింది. ఘాటు పెంచితే గట్టిపడుతుందనుకుని ఇంకో రెండు దొప్పల చౌడు నీళ్ళు గుమ్మరించింది. సబ్బు రాయిలా వచ్చింది. అరచేతికి రుద్ది చూసుకుంది. చురుక్కుమనలేదు. చెట్లెక్కి చెట్లెక్కి కాయలు కాసిన చెయ్యి కదా మరి! ఆ సబ్బే దూదమ్మకు ఇచ్చి పంపింది.

మర్నాడు దూదమ్మ ఏడుస్తూ వచ్చింది.

"చూడు వదినా, నా బిడ్డ వీపు! తోలు లేచిపోయింది."

"అయ్యో! నా చేతికేం కాలేదే!"

"నీ చెయ్యి వేరు, వాడి వీపు వేరు. ఇక నీ గుమ్మం తొక్కితే ఒట్టు!"

దూదమ్మ వెళ్ళిపోయింది. ఇప్పమ్మ ఆ సబ్బును తడిపి ముక్కు కొనకు రాసుకుంది. కెవ్వుమంది. అంత పెద్ద ఒంట్లో అంత లేత చోటు ఉందని దానికే తెలియదు, ఏమిటో!

ఈసారి చౌడు నీళ్ళు మొదటి కొలత కంటే ఒక దొప్ప తగ్గించింది. ఆముదం సగం తీసేసి, చల్లబడితే పేరుకునే ఇప్పనూనె ఆ మేరకు పోసింది. ముక్కలు కోసి నీడలో వెదురు తడక మీద ఆరబెట్టింది. మిగిలిన ఉత్త ఇప్పనూనె చంటాడి వీపుకోసం పట్టుకెళ్ళి దూదమ్మ పొద దగ్గర పెట్టి వచ్చింది.

పదో రోజున చంటాడే గోక్కుంటూ వచ్చాడు.

"అత్తా, ఇంకా కాలేదా?"

ఇప్పమ్మ గోరు గుచ్చి చూసింది. దిగింది. ముక్కుకు రాసుకుంది. ఇంకా కొంచెం చురుక్కుమంది.

"గుప్పెడు చౌడు చల్లు అత్తా, తెల్లారేసరికి రాయి!" అంది కోతి.

"నువ్వు నోరు మూసుకో!" అని కోతిని కసిరి, "లేదురా నాయనా, ఇంకా కాలేదు. నూనె రాసుకో" అంది ఇప్పమ్మ.

ఇరవయ్యో రోజున గోరు సగమే దిగింది. అప్పుడూ ఇవ్వలేదు.

నలభయ్యో రోజున గోరు దిగలేదు. ముక్కు మండలేదు. ఇప్పమ్మ ఒక ముక్క తీసుకుని తానే దూదమ్మ గుమ్మానికి వెళ్ళింది. దూదమ్మ సబ్బు అందుకుని, తన చెవి లోపల రాసుకుని చూసి, అప్పుడు బిడ్డను పిలిచింది. చంటాడు నురగలో కిలకిలా నవ్వాడు.

"అత్తా, నాకో ముక్క!" అంది వెనకే వచ్చిన కోతి.

"ముందు ముక్కు ఇలా పెట్టు" అంది ఇప్పమ్మ.

నీతి: ఘాటు పెంచితే వచ్చే గట్టిదనం గాయం చేస్తుంది, ఓపిక పడితే వచ్చే గట్టిదనం ఒంటికి మెత్తగా ఉండి మేలు చేస్తుంది.