ఉడుత తోక తెమ్మన్న నక్క

మెట్టచేల గట్టున జంతువులకో ఉమ్మడి జొన్న పాతర ఉండేది. బతికున్నన్నాళ్లూ ప్రతివాళ్లూ అందులో కంకులు వెయ్యాలి, వంతులవారీగా కాపలా కాయాలి. ఎవరైనా పోతే, ఆ ఇంటివాళ్లకు వానాకాలం గడిచేటన్ని గింజలివ్వాలి. పెద్దరికం ఎద్దుది, పెత్తనం నక్కది.

ఒకనాడు ఉడుతను గద్ద తన్నుకుపోయింది. పెళ్లాం ఉడుతమ్మ ఏడ్చుకుంటూ పాతర దగ్గరికొచ్చింది.

"నక్క మామా, పిల్లలింకా కళ్లు తెరవలేదు. నేను తినకపోతే వాళ్లకు పాలుండవు. మా గింజలిప్పించు."

"పోయాడని రుజువేదమ్మా? కనీసం తోకైనా తీసుకురా."

"గద్ద తోక వదిలిపెడుతుందా మామా?"

"నన్నడిగితే? గద్దనే అడుగు. రేపు నీ మగడు ఏ కొమ్మ మీదో కనిపిస్తే జవాబెవరు చెప్తారు?"

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా! ఉడుతమ్మ ఎద్దు వంక చూసింది. గద్ద ఎత్తుకుపోవడం ఎద్దు కళ్లారా చూసింది. అయినా నక్కతో తగువెందుకని, తల దించుకుని నెమరేస్తూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే నక్క చెట్టు కిందకొచ్చి కేకేసింది.

"ఉడుతమ్మా! ఈ పూట కాపలా మీ ఆయన వంతు. బదులు నువ్వు రా."

"పోలేదని నువ్వేగా అన్నావు మామా. ఆయన్నే పిలుచుకో. అసలే కొండకోతులు దిగే కాలం, జాగ్రత్త."

'రాక ఎక్కడికి పోతుందిలే' అనుకుని నక్క పొద నీడన కునుకు తీసింది. మధ్యాహ్నానికి కోతులు దిగి సగం పాతర ఊడ్చుకుపోయాయి.

అందరూ నక్క మీద పడ్డారు.

"కాపలా ఎవరిది?" అంది కోడి.

"ఉడుతది."

"మరి రాలేదేం?"

"చచ్చినవాడు ఎలా వస్తాడే!" అని అరిచి, నక్క నాలిక కరుచుకుంది.

ఉడుతమ్మ మెల్లగా కొమ్మ దిగింది. "తోక దొరికిందా మామా?" అంది.

ఎద్దు ముందుకొచ్చింది.

"నేను చూశానమ్మా. నిన్ననే చెప్పుంటే నీకీ అడుక్కునే గతి పట్టేది కాదు. పెద్దనని చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది తల్లీ."

"మేమూ చూశాం" అని కోడీ కాకీ గొణిగి నేలచూపులు చూశాయి.

నక్క పెత్తనం ఆ పూటే ఊడింది. తోక తెమ్మన్నది తన తోకే కాళ్ల మధ్య దాచుకుని పోయింది. ఎద్దు తానే గింజలు మోసుకెళ్లి చెట్టు మొదట్లో పోసింది. ఉడుతమ్మ వాటిని తీసుకుంది గానీ ఎద్దు మొహం చూడలేదు. ఎద్దూ చూడమని అడగలేదు.

చూసినవాళ్లు నోరు మూసుకుంటేనే, చచ్చినవాడు సాక్ష్యం తెచ్చుకోవాల్సి వస్తుంది.