తొట్టి మీద పట్టా

నేనెప్పుడూ ఏమీ రాయలేదు. అయిదో తరగతితో బడి మానేశాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా ఊరి కాలవగట్టున నూలుకి రంగు వేసే మా తమ్ముడు మార్కండేయులు మంచివాడే, కానీ నలుగురూ ఏమనుకుంటారోనని ప్రతిదీ కప్పెట్టేవాడు. వాడి షెడ్డుకి దిగువనే నా బావి, ఆకుకూరల మడి ఉండేవి. మా ఆయన పోయాక నాకు అన్నం పెట్టింది ఆ మడే.

రంగునీళ్ళు అలాగే వదలకూడదని ఒక కాలేజీ మేడమ్ గారు వచ్చి, పిండిలాంటి మట్టిపొడి ఇచ్చారు.

"దీన్ని తొట్టిలో కలిపి సాయంత్రందాకా ఎండలో ఉంచండి. ఎండ తగిలితేనే ఈ మట్టి రంగునీ, విషాన్నీ విరగ్గొడుతుంది. నీడలో ఉంటే వట్టి బురదే," అన్నారు.

నిజంగానే మొదటిరోజు సాయంత్రానికి నీళ్ళు తేటపడ్డాయి. తమ్ముడు మురిసిపోయాడు.

కానీ తొట్టి రోడ్డు పక్కనే ఉండేది. పాలు పోసే సాంబయ్య సైకిల్ ఆపి, "ఏం మార్కండేయులూ, ఊరందరికీ చారు కాస్తున్నావా?" అన్నాడు. టీకొట్టు దగ్గరున్న వాళ్ళంతా నవ్వారు. ఆ మర్నాడే తొట్టి మీద నల్ల టార్పాలిన్ పట్టా పడింది.

"ఒరే, ఎండ తగలాలన్నారు కదరా," అన్నాను మెల్లిగా.

"మట్టి వేస్తున్నాంగా అక్కా! నీకేం తెలుసు, ఊరుకో," అన్నాడు.

నాకు గట్టిగా మాట్లాడటం రాదు.

మట్టి అడుక్కి దిగేది. పైన నీళ్ళు కాస్త పలచబడినట్టు కనిపించేవి. వాడు గొట్టం తిప్పి ఆ నీళ్ళు దిగువకి వదిలేసేవాడు. వానలు వెళ్ళేసరికి నా తోటకూర వేళ్ళ దగ్గర కుళ్ళింది. ఒకరోజు చేద పైకి లాగితే, నీళ్ళు వంగపండు రంగులో వచ్చాయి.

తమ్ముణ్ణి పిలిచి చూపించాను. వాడి మొహం పాలిపోయింది. అటూ ఇటూ చూసి, "అక్కా, ఎవరితోనూ అనకు. రేపు నీ బావి మీద రేకు వేయిస్తాను," అన్నాడు.

నేనేం తాగాలో, ఏం తినాలో మాత్రం వాడు అడగలేదు.

ఆ బావి మళ్ళీ బాగుపడలేదు. కానీ మర్నాడు పొద్దున్నే, రేకు రాకముందే, ఆ నీళ్ళు తెల్ల బకెట్టులోకి తోడి, వాడి తొట్టి పక్కన, అందరూ నడిచే రోడ్డు మీద పెట్టాను. తొట్టి మీది పట్టా లాగి పారేశాను. సాంబయ్య సైకిల్ ఆపాడు. ఈసారి నవ్వలేదు.

పిల్లలూ, తప్పుని నలుగురికీ కనపడనిస్తేనే దిద్దుకోగలం; సిగ్గుపడి కప్పెడితే అది పక్కవాళ్ళ బావిలోకి దిగుతుంది.